పదారో పేజీ

మాకు కొత్త పుస్తకాలు ఆషాఢంలో వస్తాయి,
తోతాపురి లారీలు ఫ్యాక్టరీ గేటు కాడ బారులు తీరే నెలలో.
పురికొస ముడేసిన గోనెసంచిని
జిల్లా ఆఫీసు అటెండరు గడపలోనే దించిపోతాడు.
ముద్ర కొట్టాల, నంబరు రాయాల. అది నా జీతం.
చదివి, అట్ట లోపల ఒక చీటీ అంటించడం
ఎవురూ అడగని పని.
చిత్తూరు గిరింపేట శాఖలో
పద్దెనిమిదేండ్లుగా చేస్తా ఉండాను.

మొదట్లో మర్యాదగా రాసేదాన్ని:
"అందరూ తప్పక చదవదగినది."
రిటైరైన కండక్టరు మొగిలప్ప,
టికెట్టు కొట్టినట్టు పేజీ మూల మడిచే మనిషి,
ఒకనాడు నవ్వినాడు:
"అందరికీ సరిపొయ్యే చొక్కా
ఎవురికీ సరిపోదు మేడమ్."

ఆపొద్దు నుంచి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఈ ఏటి హత్య నవలకి:
"చంపిందెవురో నలభయ్యో పేజీలోనే తెలిసిపోతాది.
అయినా ఆపొద్దు.
ఇన్‌స్పెక్టరు పెండ్లాం వంకాయలు కోస్తా మాట్లాడతాది,
ఆ మాటల కోసం చదవండి."

నక్షత్రాల పుస్తకానికి:
"రాసినాయనకు ఆకాశం తెలుసు, కామా తెలీదు.
ముందు పదో తరగతి దిల్షాద్‌కి ఇస్తా.
మిగతావాళ్ళు ఆగండి."

రాజుల కథ, ఆరొందల పేజీలు, అట్ట మీద గుర్రం:
"గుర్రం బాగుంది."

వంటల పుస్తకానికి:
"సంకటికి నీళ్ళ కొలత తప్పు. చేసి చూసినా,
ముద్ద కాలేదు, జావ అయింది.
ఊరగాయల పేజీలు చించుకపోవాలనిపిస్తాది.
చించొద్దు."

దయ్యాల కథలకి:
"వేలూరు బస్సెక్కి పగటిపూట చదవండి.
కాట్పాడి వచ్చేలోపల అయిపోతాది.
మీరు దిగినా అది దిగదు."

పిల్లల బొమ్మల పుస్తకానికి చీటీ లేదు.
గడియారాల ఏకాంబరం మనవడు
వచ్చిన రోజే అట్ట కొరికినాడు.

ఇంక ఒకటి కవిత్వం. సన్నంది.
ఆ పొద్దు కరెంటు లేదు, ఉక్క,
గబగబా తిరగేసి రాసేసినా:
"మబ్బు ఎక్కువ, వాన తక్కువ."
అంటించి మరిచిపోయినా.

శ్రావణం సగంలో తిరిగొచ్చింది.
అట్ట అంచున పచ్చటి వేలిముద్ర,
ముక్కు కాడ పెడితే మామిడిగుజ్జు.
నా చీటీ కింద ఇంకో చీటీ,
చినిగిన షిఫ్టు కార్డు వెనకపక్క,
అక్షరాలు గుండ్రంగా, రవ్వంత అరవం వైపు వాలి:
"పదారో పేజీ మళ్ళా చదవండి.
సెల్వి, రెండో షిఫ్టు, తొక్క తీసే సెక్షను."

ముందు కోపమొచ్చింది.
ఇన్నేండ్లలో నన్ను దిద్దినోళ్ళు లేరు.
సాయంత్రం తలుపులు మూసినాక
పదారో పేజీ తీసినా.

పదకొండు లైన్లు.
ఒక ఆడమనిషి చేతులు కడుక్కుంటా ఉండాది.
అంతే. ఎంత కడిగినా పోని వాసన ఏందో
కవి చెప్పడు.
నేను దుఃఖం అనుకున్నా,
పాత సంగతే కదా అని పేజీ తిప్పేసినా.
సెల్వి మామిడి అనుకునింది.

నిజం చెప్పాలంటే, ఇప్పుటికీ
గొప్ప కవిత అనను.
ఏడో లైను అక్కర్లేదు.
చివర్లో "అనంతం" దండగ.
కానీ ఆ రాత్రి గిన్నెలు తోమి
నా వేళ్ళు నేనే వాసన చూసుకున్నా:
గమ్ము, ముద్ర సిరా,
ఎవురెవురి ఇండ్లలోనో తిరిగొచ్చిన కాయితం.

నా చీటీ పీకలేదు. రాసింది రాసిందే.
దాని కింద ఆమెది, ఊడిపోకుండా గమ్ము పెట్టి,
శాఖ ముద్ర కొట్టినా.

"ఆ సన్నంది ఎట్లుండాది మేడమ్?"
మొగిలప్ప అడిగినాడు.
నేను నోరు తెరవలేదు, పుస్తకం చేతికిచ్చినా.
రెండు చీటీలూ నిలబడే చదువుకుని,
కండ్లద్దాలు పంచె కొంగుతో తుడుచుకుని,
మొదటి పేజీ కూడా చూడకుండా
తిన్నగా పదారుకే పోయి
మూల మడిచినాడు.